యుద్ధం ఆగాక కూడా చంటిపిల్లలు ఎందుకు పోయారు

పిల్లలూ,

యుద్ధం అయిపోయిందంటే ఇంక చావులు ఆగిపోవాలి కదా అమ్మమ్మా అని అడిగారు మీరు. ఆగవమ్మా. సైనికులకి ఆగుతాయేమో గానీ పురిట్లో పిల్లలకి ఆగవు. నర్సు ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఊరు ఒకటుంది, వియన్నా, ఆస్ట్రియా రాజధాని. మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబర్‌లో ఆగింది కదా, ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో చెప్తా, ఓపిగ్గా చదవండి.

అప్పటిదాకా అది పెద్ద సామ్రాజ్యానికి రాజధాని. గోధుమలు హంగేరీ వైపు నుంచి, బొగ్గు బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) నుంచి వచ్చేవి, సామ్రాజ్యం ముక్కలయ్యేసరికి అవన్నీ వేరే దేశాలైపోయాయి, పైగా తిండి సరుకులు రానివ్వకుండా శత్రుదేశాలు పెట్టిన దిగ్బంధం యుద్ధం ఆగాక కూడా కొన్ని నెలలు సాగింది. తినడానికి లేదు, పొయ్యిలోకి లేదు. తల్లి నీరసించిపోయి, లేకపోతే పనికి పోక తప్పక, బిడ్డకి పోతపాలు పట్టేది, ఆ పాలు దొరకడమే గగనం, దొరికినా నీళ్లు కలిపినవో పాడైనవో. ఇంక విరేచనాలు పట్టుకున్నాయంటే నెలల బిడ్డ ఎన్నాళ్లు తట్టుకుంటాడు?

ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. వియన్నాకి కొండల నుంచి మంచి ఊట నీళ్లు పైపుల్లో వచ్చేవి, మొదటి లైను 1873లో, రెండోది 1910లో వేశారు, అంటే నీళ్లు చెడ్డవి కావు. కానీ పేదవాళ్ల బిల్డింగుల్లో ఆ కుళాయి వరండాలో ఉండేది, అంతస్తు మొత్తానికి ఒకటి, మరుగుదొడ్డి కూడా అంతే, అందరికీ కలిపి. ఒక గది, ఒక వంటిల్లు, అందులోనే కుటుంబం మొత్తం, అద్దె కట్టలేక మంచాన్ని కూడా బయటివాళ్లకి పూటల లెక్కన ఇచ్చేవాళ్లు. ఆ గదిలో ఒకరికి క్షయ ఉందంటే చంటిబిడ్డకి తప్పించుకునే దారేది? క్షయని 'వియన్నా జబ్బు' అనే పిలిచేవాళ్లంట, అంత ఎక్కువ.

సాయం బయటి నుంచి కూడా వచ్చింది. ఆస్ట్రియా, జర్మనీల్లో పిల్లలు ఆకలితో పోతున్నారని 1919లో ఇంగ్లండులో ఎగ్లాంటైన్ జెబ్ అనే ఆవిడ గొడవ చేసి, సేవ్ ద చిల్డ్రన్ సంస్థ మొదలెట్టింది. నిన్నటి శత్రువుల పిల్లలకి అన్నం పెట్టమని తన సొంత దేశంలో అడగడమంటే మాటలా! అదే ఏడాది హారియట్ చిక్ అనే శాస్త్రవేత్త కూడా ఇంగ్లండు నుంచి వియన్నా వెళ్లింది. అక్కడి పిల్లల ఆసుపత్రి నడిపే పిర్కే డాక్టరు గారు తన వార్డులు ఆమెకి తెరిచారు. ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోయే రికెట్స్ అనే జబ్బు అక్కడ విపరీతం, కొందరు తిండి వల్ల అన్నారు, కొందరు క్రిముల వల్ల అన్నారు. ఆమె బృందం 1922 దాకా అక్కడే ఉండి ఓపిగ్గా చూసి తేల్చింది, కాడ్ లివర్ ఆయిల్, అంటే కాడ్ అనే చేప కాలేయం నూనె, పట్టినా తగ్గుతుంది, ఎండలో పడుకోబెట్టినా తగ్గుతుంది, ముందే చేస్తే అసలు రాదు అని. మన అమ్మమ్మలు నూనె రాసి పిల్లల్ని పొద్దుటెండలో పడుకోబెట్టేవాళ్లు చూడండి, ఆ ఎండ ఎంత మేలు చేస్తుందో అక్కడ రుజువైంది.

కానీ బయటి సాయం ఎన్నాళ్లుంటుంది? నాకు అసలు ఇష్టమైన భాగం ఇక్కడి నుంచి. 1920లో జూలియస్ టాండ్లర్ అనే ఆయన నగర పాలక సంస్థలో సంక్షేమం బాధ్యత తీసుకున్నారు, ఆయన డాక్టరు, అనాటమీ ప్రొఫెసర్. ఆయన పట్టుదల ఏంటంటే ఇది దానం కాదు, అడిగే హక్కు మనిషిది, చేసే బాధ్యత సమాజానిది. పేటపేటకీ తల్లుల సలహా కేంద్రాలు పెట్టారు, అక్కడ బిడ్డని తూచేవాళ్లు, ఎలా పాలివ్వాలో చెప్పేవాళ్లు. బిడ్డ పుట్టిందని తెలియగానే నగర ఉద్యోగిని ఇంటికే వెళ్లేది. పెళ్లి కాని తల్లుల పిల్లలు మరీ ఎక్కువగా పోయేవాళ్లు, వాళ్లకి నగరమే గార్డియన్‌గా నిలబడింది. 1927 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకీ పొత్తిగుడ్డలు, చొక్కాలు, దుప్పటి పెట్టిన ప్యాకెట్ ఇచ్చారు, పేదోళ్లా డబ్బున్నోళ్లా అని చూడకుండా, ఎందుకంటే పేదలకే అంటే తీసుకోడానికి సిగ్గుపడతారు. వియన్నాలో ఏ బిడ్డకీ న్యూస్‌పేపర్ మీద పుట్టే గతి పట్టకూడదు అన్నది వాళ్ల మాట, అంతకుముందు పేదిళ్లలో గుడ్డల్లేక కాగితాలే వాడేవాళ్లు మరి.

డబ్బు? బ్రైట్నర్ అనే ఆయన ఆర్థిక వ్యవహారాలు చూసేవారు, కార్లు, ఇంట్లో పనివాళ్లు, షాంపేన్, గుర్రప్పందేలు, అన్నిటి మీదా పన్ను వేశారు. 1923లో ఇళ్ల కోసం వేరే పన్ను పెట్టి పదేళ్లలో 60,000 పైగా ఇళ్లు కట్టారు, లోపలే కుళాయి, లోపలే టాయిలెట్. 1930లో తెరిచిన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే పెద్ద బిల్డింగులో 1,382 ఇళ్లు, అందులోనే లాండ్రీలు, స్నానశాలలు, పిల్లల బడి, తల్లుల కేంద్రం. పెన్సిలిన్ ఇంకా మందుగా రాలేదు, అయినా శిశు మరణాలు యుద్ధానికి ముందున్న దాంట్లో దాదాపు సగానికి పడిపోయాయి.

ఇంకోటి దాచకుండా చెప్పాలి మీకు. ఇదే టాండ్లర్ గారు కొందరి బతుకులు బతకడానికి తగినవి కావు, వాళ్ల మీద ఖర్చు దండగ అన్నట్టు కూడా రాశారు, చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. ఇంటికొచ్చే ఉద్యోగిని బిడ్డని తీసుకుపోతుందేమో అని భయపడ్డ తల్లులు కూడా ఉన్నారు. 1934లో అంతర్యుద్ధం వచ్చి సైన్యం ఆ ఇళ్ల మీదే ఫిరంగులు పేల్చింది, టాండ్లర్ గారిని అరెస్టు చేశారు, 1936లో మాస్కోలో పోయారు. 1938లో నాజీలు వచ్చాక అదే ఊళ్లో ష్పీగెల్‌గ్రుండ్ అనే చోట 789 మంది జబ్బు పిల్లలూ, అవకరం ఉన్న పిల్లలూ పోయారు, డాక్టర్లూ నర్సుల చేతుల్లోనే. అందుకే ఇంటికెళ్లే నర్సు సాయానికే వెళ్లాలి గానీ ఏ బిడ్డ పనికొస్తాడో తూచడానికి వెళ్లకూడదు అని నా తర్వాత వచ్చిన అమ్మాయిలందరికీ చెప్పేదాన్ని.

మీ పిన్నికి వచ్చే నెల డెలివరీ కదా. ఆసుపత్రిలో పుడితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, బిడ్డ బరువు చూస్తుంది, జ్వరం చూస్తుంది, పాలు సరిగ్గా తాగుతోందా అని అడుగుతుంది. ఆవిడ వచ్చినప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, తూచేటప్పుడు పక్కనే నిలబడి చూడండి, బరువులన్నీ ఒక నోటుబుక్కులో రాసి నాకు ఫొటో తీసి పంపండి. ఏ రోజైనా రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి, మొహమాటపడొద్దు.

ప్రేమతో,
అమ్మమ్మ