రెండు కాలువల మధ్య బడి: పర్యావరణ పాఠం గోదావరి డెల్టాకు చేరిన దారి

కోనసీమలో చాలా బడులకు ఒక పక్క పంట కాలువ, కాస్త అవతల మురుగు కాలువ కనిపిస్తాయి. పంట కాలువ ధవళేశ్వరం నుంచి గోదావరి నీటిని తెస్తుంది. మురుగు కాలువ పొలాల నుంచి దిగిన నీటిని, ఊళ్ల మురుగును, రొయ్యల చెరువులు వదిలిన నీటిని కలుపుకొని సముద్రం వైపు పోతుంది. ఈ రెండింటి మధ్య కూర్చుని తొమ్మిదో తరగతి పిల్లలు నీటి కాలుష్యానికి కారణాలు రాస్తారు. పాఠ్యపుస్తకంలో ఉన్నవన్నీ రాస్తారు. కిటికీలోంచి కనిపించే గుర్రపుడెక్క మాత్రం జవాబులోకి రాదు. పిల్లలను తప్పుపట్టే ముందు, ఈ పాఠం బడిలోకి ఏ దారిన వచ్చిందో చూడాలి.

1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సు జరిగింది. ఆతిథ్య దేశ ప్రధానిని మినహాయిస్తే దానికి హాజరైన ఒకే ఒక్క ప్రధాని ఇందిరా గాంధీ. పర్యావరణ విద్యకు అంతర్జాతీయ కార్యక్రమం కావాలన్న సిఫారసు అక్కడే వచ్చింది. తర్వాత 1975లో బెల్‌గ్రేడ్ సమావేశం, 1977 అక్టోబరులో అప్పటి సోవియట్ జార్జియాలోని టిబిలిసి సదస్సు జరిగాయి. టిబిలిసి ప్రకటన ఐదు లక్ష్యాలు పెట్టుకుంది: అవగాహన, జ్ఞానం, దృక్పథం, నైపుణ్యం, భాగస్వామ్యం. ఆ వరుసలో అవగాహన తొలి మెట్టు మాత్రమే. మన బడులు ఆ మెట్టు మీదే ఎక్కువ కాలం నిలబడిపోయాయని నా అభిప్రాయం.

యునెస్కోలో ఈ విద్యా కార్యక్రమానికి తొలి రోజుల్లో సారథ్యం వహించిన విలియం స్టాప్ తర్వాత అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్లారు. 1984లో అక్కడి ఆన్ ఆర్బర్ పట్టణంలో హ్యూరాన్ నదిలో నీటి ఆటలాడిన ఉన్నత పాఠశాల విద్యార్థులు కొందరు కామెర్లు తెచ్చే హెపటైటిస్ బారిన పడ్డారు. నదే కారణమేమోనని పిల్లలకు అనుమానం వచ్చింది. స్టాప్ బృందం వాళ్లకు నీటి పరీక్షలు నేర్పింది. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంత, మలసంబంధ బాక్టీరియా ఎంత, నైట్రేట్లు ఎంత అని పిల్లలే కొలిచారు. వచ్చిన అంకెలు పట్టుకుని స్థానిక అధికారుల దగ్గరకు వెళ్లారు. ఈ పని పక్కనున్న రూజ్ నది ఒడ్డు బడులకు పాకి, 1989 నాటికి దేశదేశాల నదీతీర పాఠశాలలను కలిపే గ్రీన్ అనే వలయంగా మారింది. ఈ ఉదంతం నాకు ఎంతో విలువైనదిగా అనిపిస్తుంది. అక్కడ పాఠానికి పుట్టిల్లు పిల్లల ఒంటికి తగిలిన జబ్బు. ఇతర దేశాల బడులతో స్నేహం ఆ తర్వాత, చెప్పుకోవడానికి చేతిలో ఒక అంకె ఉన్నప్పుడు మొదలైంది.

అదే 1989లో ఫిన్లాండ్ చొరవతో బాల్టిక్ సముద్రం చుట్టూ ఉన్న బడులు యునెస్కో అనుబంధ పాఠశాలల గొడుగు కింద ఒకటయ్యాయి. అప్పటికి ఆ తీరంలో కొంత సోవియట్ కూటమి దేశాలది, మిగతాది ఆ కూటమిలో లేని దేశాలది. పెద్దల మధ్య ఎన్ని గోడలున్నా, ఒక ఒడ్డున కలిసిన మురికి రెండో ఒడ్డుకూ చేరుతుందని పిల్లలకు వేరే చెప్పనవసరం లేకపోయింది. 1995లో మొదలైన గ్లోబ్ కార్యక్రమం ఈ ఆలోచనను ఇంకా విస్తరించింది. వాన, ఉష్ణోగ్రత, నీటి గుణం, నేలను కప్పిన పచ్చదనం వంటివాటిని అన్ని దేశాల విద్యార్థులూ ఒకే పద్ధతిలో కొలవాలన్నది దాని నియమం. ఆ వివరాలు శాస్త్రవేత్తలకూ అందుతాయి. భారతదేశం 2000లో అందులో చేరింది.

ఇక మన దేశంలో పాఠం కోర్టు మెట్లెక్కి బడికి వచ్చింది. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి చేయమంది. సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణ స్లైడ్లు వేయమన్నదీ ఆ తీర్పే. ఆదేశం సరిగా అమలు కాలేదని 2003లో కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక పాఠ్యప్రణాళిక సిద్ధమైంది. మధ్యలో, 2001-02లో జాతీయ హరిత దళం వచ్చి బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టింది. తీర్పు పుణ్యమా అని పాఠం బడికి చేరింది. అయితే అది పరీక్షకు చదివే పాఠంగా చేరింది. నీటిని కొలిచే పరికరం దాని వెంట రాలేదు.

ఇదే కాలంలో డెల్టా ఏం చూసిందో గుర్తు చేసుకోవాలి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసి, వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చింది. సముద్రం ముందుకొచ్చినప్పుడు మడ అడవి ఎంత అండో తీరవాసులకు ముందే తెలుసు, ఆ తర్వాత ప్రపంచం కూడా దాని గురించి మాట్లాడింది. కోరింగ వైపు దెబ్బతిన్న మడ నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి పారేలా చేసి, మొక్కలు నాటారు. అందులో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, మత్స్యకార గ్రామాలు కలిసి పనిచేశాయి, విదేశీ సాయమూ అందింది. అంటే అంతర్జాతీయ సహకారం గోదావరి గడప తొక్కకపోలేదు. అది అడవి దాకా వచ్చింది, బడి దాకా రాలేదు. అడవి పెంచే పనిలో తెల్ల మడ ఏదో, తిల్ల చెట్టు ఏదో చూడగానే చెప్పగల మత్స్యకారుల పిల్లల వంతు చాలాచోట్ల చిత్రలేఖన పోటీకి, ర్యాలీలో పట్టుకునే అట్టకు పరిమితమైంది. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. ఆ పిల్లలకున్న తెలివి ఏ విదేశీ బడితోనైనా సమానంగా కూర్చుని పంచుకోదగినది.

భాష అడ్డంకి అంటారు. విదేశీ బడితో జోడీ కుదిరేది చాలావరకు నగరాల్లోని ఇంగ్లిషు మాధ్యమ పాఠశాలలకే కావడం వెనుక ఆ నమ్మకం ఉంది. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే చిన్న మీటరు చూపే అంకెకు ఏ భాష అడ్డు? రోజూ ఒకే లాకు దగ్గర, ఒకే వేళకు కొలిచి తెలుగులో రాసుకున్న నోటు పుస్తకాన్ని వియత్నాం పిల్లలు కూడా చదవగలరు, అంకెల వరకు.

వియత్నాం పేరు ఊరికే ఎత్తలేదు. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలు ఎలా కుంగుతున్నాయో పరిశీలించిన అధ్యయనంలో గోదావరి, కృష్ణా, వియత్నాంలో సముద్రంలో కలిసే మెకాంగ్ మూడూ ఉన్నాయి. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడం, భూగర్భం నుంచి నీటినీ వాయువునూ తోడడం వంటివి డెల్టాలు కుంగడానికి చెప్పే కారణాలు. మెకాంగ్ ముఖద్వారంలో బెన్ ట్రే అనే కొబ్బరి సీమ ఉంది. అక్కడా వరి పొలాల పక్కన రొయ్యల చెరువులున్నాయి. 2016లోనూ, 2020లోనూ ఎండాకాలంలో ఉప్పునీరు నది వెంట లోపలికి ఎగదన్ని తాగునీటికి సైతం కటకట తెచ్చింది. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు పిల్లలకు ఈ మాటలకు వివరణ అక్కర్లేదు. నేల చౌడుబారడం, బోరు నీరు ఉప్పెక్కడం ఇంట్లో వినే మాటలే.

ఏటా వేసవిలో పంట కాలువలు కట్టేస్తారు. అంతకు ముందే ఊరి మంచినీటి చెరువు నింపుకుంటారు. జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. కాలువ కట్టేసిన రోజు నుంచి నీళ్లు తిరిగొచ్చే రోజు దాకా మురుగు కాలువలో, బోరులో, చెరువులో ఉప్పు ఎలా మారిందో ఒక హరిత దళం కొలిచి పెట్టుకుంటే, బెన్ ట్రే బడికి పంపాల్సిన మొదటి ఉత్తరం అదే అవుతుంది. ఏప్రిల్ నెల మొదటి పేజీకి సరిపోతుంది.