పంచగ్రామాలు: 40 ఏళ్లు ఆలస్యంగా వచ్చిన పట్టా

సింహాచలం భూముల గొడవ మళ్లీ పేపర్లకెక్కింది. సింహాచలం దేవుడు అప్పన్నకు ఏ రాజు ఎప్పుడు ఏ ఊరు రాసిచ్చాడు, విజయనగరం రాజవంశం పూసపాటి వాళ్లు ధర్మకర్తలెలా అయ్యారు అన్నది విశాఖలో అందరికీ తెలిసిన కథే కాబట్టి వదిలేద్దాం. ఇవాళ్టి తగువుకి ముడి పడింది 1996లో.

అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం. పంచగ్రామాలంటే ఈ ఐదు ఊళ్లే. వీటిలో 9,069 ఎకరాలకు ఆ ఏడాది దేవస్థానం పేరున రైత్వారీ పట్టా, అంటే భూమి మీద హక్కు పత్రం, ఇచ్చారు. ఇచ్చింది ఇనాముల (రాజులు దానంగా ఇచ్చిన భూముల) రద్దు చట్టం కింద. ఆ చట్టం వచ్చింది మాత్రం 1956లో!

ఈ 40 ఏళ్లలో విశాఖ ఊరుకోలేదు కదా. రిఫైనరీ వచ్చింది, భారీ యంత్రాల ఫ్యాక్టరీ బీహెచ్‌పీవీ వచ్చింది, స్టీల్ ప్లాంట్ వచ్చింది. ఊరి మధ్యలో స్థలం కొనలేని కార్మికులు, చిరుద్యోగులు గోపాలపట్నం దాటి చవగ్గా దొరికిన చోట, సాగు చేసుకుంటున్న రైతు దగ్గరే గజాల లెక్కన కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నారు. మున్సిపాలిటీ ఇంటి పన్ను వసూలు చేసింది, కరెంటు మీటరు బిగించారు, కుళాయిలు వచ్చాయి. రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా ఉన్నాయని చాలామంది చూపిస్తారు. అన్నీ అయ్యాక పట్టా వచ్చింది, పొలానికీ గుడిసెకీ డాబాకీ తేడా చూడకుండా. నిన్నటిదాకా ఇంటి ఓనరు, పొద్దున లేచేసరికి ఆక్రమణదారు.

దేవస్థానం మాట వేరు. భూమి ముందునుంచీ స్వామిదే, పట్టా కొత్తగా ఇచ్చిందేమీ లేదు, చట్టం దృష్టిలో దేవుడు మైనరు కాబట్టి ఆయన ఆస్తిని ఎవరుపడితే వాళ్లు వదులుకోవడానికి లేదు అంటుంది. దేవాదాయ చట్టం ప్రకారం అది సరైన మాటే.

ఆ పైన 22-ఏ. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఈ సెక్షన్ కింద నిషేధిత జాబితాకెక్కిన స్థలాన్ని అమ్మలేరు, కూతురి పెళ్లికి రాసివ్వలేరు, దాని మీద బ్యాంకు లోను కూడా పుట్టదు. స్లాబు కారుతుంటే రిపేరు చేయించుకోవడానికీ టెన్షనే, దేవస్థానం సిబ్బంది వచ్చి ఆపుతారని.

2000లో జీవో 578 ఇచ్చి, డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరిస్తామన్నారు. అదీ కోర్టు కేసుల్లో చిక్కుకుంది. 2019లో, ఎన్నికలు నెత్తి మీదికొచ్చాక (ఎప్పుడూ అప్పుడే గుర్తొస్తుంది), ఏకంగా చట్టమే చేశారు. హైకోర్టు స్టే ఇచ్చింది. ఇళ్లున్న భూమికి బదులు అంతే విలువైన భూమి వేరేచోట దేవస్థానానికి ఇస్తామని ప్రభుత్వం ఇప్పుడంటోంది. అప్పన్నకు భూమికి భూమి వస్తుంది, ఇళ్ల వాళ్లకు రిజిస్ట్రేషన్ తెరుచుకుంటుంది.  అయితే స్టే ఎత్తేయాల్సింది కోర్టే.