నమ్మకం అనే మాట చుట్టూ 40 ఏళ్ల పేచీ

స్పెయిన్‌లో ఇంటిపనికి మనిషిని పెట్టుకున్న ప్రతి కుటుంబమూ 2025 నవంబర్ 14 నుంచి ఒక లెక్క రాసి పెట్టుకోవాలి. పనిచేసే మనిషికి ఇంట్లో ఎక్కడెక్కడ ప్రమాదం ఉందో చూసి, దాన్ని తప్పించడానికి ఏం చేస్తున్నారో అందులో చెప్పాలి. కిటికీ అద్దాలు తుడవడానికి ఎక్కే నిచ్చెన, బ్లీచింగ్ సీసాలు పెట్టే చోటు, మంచం పట్టిన పెద్దాయనను లేపి కూర్చోబెట్టేటప్పుడు నడుం మీద పడే బరువు లాంటివన్నీ అందులోకి వస్తాయి. ఆ ఫారం నింపుకోవడానికి ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో ఉచితంగా ఏర్పాటు చేసింది. నింపకపోతే జరిమానా. దాంతో పాత గొడవ మళ్లీ లేచింది. ఇల్లు ఫ్యాక్టరీ కాదు కదా అని యజమానులు విసుక్కుంటున్నారు. మీకు ఇల్లే కావచ్చు, మేం పనిచేసే చోటు మాత్రం అదే అని పనివాళ్ల సంఘాలు అంటున్నాయి.

నియంత ఫ్రాంకో పాలనలో పల్లెల నుంచి మాద్రిద్‌కు వచ్చి పనికి కుదిరిన ఆడపిల్లలు, వంటింటి పక్కన కిటికీ లేని గదులు... ఈ కథ అందరూ చెప్పేదే కాబట్టి వదిలేద్దాం. ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. 1931లో రిపబ్లిక్ ప్రభుత్వం తెచ్చిన ఉపాధి ఒప్పందాల చట్టం ఇంటిపనివాళ్లను లోపలికి తీసుకుంటే, 1944లో ఫ్రాంకో చట్టం వాళ్లను బయటికి నెట్టేసింది. ఇప్పటి పేచీ అర్థం కావాలంటే మాత్రం నేరుగా 1985కి వెళ్లాలి.

ఆ ఏడాది ఆగస్టు 1న ఫెలిపె గొంజాలెజ్ ప్రభుత్వం 1424వ నంబరు రాజశాసనం, అంటే రాజు పేరు మీద వెలువడే ప్రభుత్వ ఉత్తర్వు తెచ్చింది. అధికారంలో ఉన్నది సోషలిస్టులే అన్నది మరిచిపోకూడదు. ఇంటిపనికి గంటలు, సెలవులు, బోనస్ అంటూ వివరంగా నిబంధనలు రాసిన మొదటి శాసనం అదే. వారానికి 40 గంటల పని, 36 గంటల విశ్రాంతి, ఏడాదికి రెండు బోనస్‌లు. అప్పటిదాకా ఏమీ లేనివాళ్లకు ఇది తక్కువేమీ కాదు. అయితే శాసనం పీఠికలోనే ఒక మెలిక ఉంది. ఈ పని ఇంట్లో జరుగుతుంది కాబట్టి ఇద్దరి మధ్య పరస్పర నమ్మకమే దీనికి పునాది అన్నారు. కుటుంబ గోప్యతకు రాజ్యాంగ రక్షణ ఉంది కాబట్టి షరతులను వాళ్లూ వాళ్లూ మాట్లాడుకుని కుదుర్చుకునే వెసులుబాటు ఉండాలన్నారు.

నమ్మకం, స్పానిష్‌లో కొన్‌ఫియాన్సా. వినడానికి ఎంత మంచి మాట! దాని కింద ఏమేం దూరాయో చూడండి. ఒప్పందం కాగితం మీద ఉండక్కర్లేదు, నోటిమాట చాలు. తిండికీ పడకకూ అని జీతంలో 45 శాతం దాకా కోసుకోవచ్చు. 40 గంటల పని అయిపోయాక కూడా ‘అందుబాటులో ఉండే సమయం’ పేరుతో మనిషిని ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అన్నింటికంటే పెద్దది దెసిస్తిమియెంతో. అంటే యజమాని ‘ఇక వద్దు’ అనుకుంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. ముందుగా ఒక నోటీసు ఇచ్చి, పనిచేసిన ఏడాదికి 7 రోజుల జీతం లెక్కన చేతిలో పెడితే సరి. నమ్మకం రెండు వైపులా ఉండాలని పీఠిక అన్నా, తెంచుకుంటే ఉన్న నీడ పోయేది మాత్రం ఒకరికే.

ఆ శాసనంలోనే ఇంకో నిబంధన ఉంది. ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషిని సాయంత్రం 5 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు పనిలోంచి తీసేయకూడదు, మరీ పెద్ద తప్పు చేస్తే తప్ప. ఈ వాక్యం రాసినవాళ్లకు, చీకటి పడ్డాక బట్టల సంచీతో వీధిలో నిలబడ్డ మనిషి సంగతి తెలిసే ఉండాలి. తెలిసీ గడియారం ముల్లు జరిపారే కానీ, అలా పంపేసే హక్కును ముట్టుకోలేదు.

తర్వాత పదేళ్లకు అదే తర్కం ఇంకో చట్టంలోకి పాకింది. 1995లో పనిచోట్ల భద్రతకు స్పెయిన్ పెద్ద చట్టం తెచ్చింది. గనుల నుంచి ఆఫీసుల దాకా అందరూ దాని కిందికి వచ్చారు కానీ ఇంటిపనివాళ్లు రాలేదు. తగిన భద్రత, శుభ్రత ఉండేలా ఇంటి యజమాని చూసుకోవాలని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నారు. చూసుకోకపోతే అడిగేదెవరో అందులో లేదు. ఈనాటి ఫారం గొడవకు అసలు విత్తనం ఆ వాక్యమే.

ఇల్లంటే కుటుంబం, కుటుంబమంటే నమ్మకం అనే ఈ వాదన చట్టంతో పుట్టింది కాదు. స్పానిష్‌లో పనిమనిషికి ఉన్న పేర్లలోనే అది ఉంది. పాత మాట క్రియాదా. పెంచడం అనే క్రియాపదం నుంచి వచ్చింది, అంటే ఇంట్లో పెరిగిన పిల్ల. ఇంగ్లిష్ నిఘంటువులు దానికి ‘సర్వెంట్’, ‘మెయిడ్’ అని రాస్తాయి కానీ, పెంచాం కదా అనే దబాయింపు ఆ మాటల్లో వినిపించదు. దోన్సెయా అంటే కన్నెపిల్ల, దొరసాని దగ్గరుండే పనిమనిషి కూడా. ఇంగ్లిష్ ‘మెయిడ్’ కూడా కన్నెపిల్ల అనే అర్థం నుంచి వచ్చిందే కాబట్టి ఇక్కడ జత బాగానే కుదిరింది. ముచాచా అంటే అమ్మాయి. దాన్ని కత్తిరిస్తే చాచా. అరవై ఏళ్ల మనిషైనా ఆ ఇంటికి అమ్మాయే. మనం ‘పనమ్మాయి’ అనడం లేదూ! గంటల లెక్కన వచ్చి పోయే మనిషి అసిస్తెంతా, ఇంట్లోనే ఉండిపోయే మనిషి ఇంతెర్నా. పిల్లలను చూసే మనిషికి ఒక పాత పేరు ఆయా. మన ఆసుపత్రుల్లో, బడుల్లో వినిపించే ‘ఆయా’ పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. రెండూ ఒకే మూలం నుంచి పుట్టాయి.

చట్టం భాషలో మాత్రం ఇది ‘కుటుంబ గృహ సేవ’. మర్యాదగా పిలవాల్సి వస్తే ఎంప్లెయాదా దె ఓగార్, ఇంటి ఉద్యోగిని. అదే భాష మాట్లాడే లాటిన్ అమెరికాలో సంఘాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. 1988 మార్చి 30న బొగొటాలో వాళ్ల ఖండస్థాయి సమాఖ్య ఏర్పడినప్పుడే పేరులో త్రబహదోరాస్ దెల్ ఓగార్, అంటే ఇంటి కార్మికులు అని పెట్టుకున్నారు. దొమెస్తికా అనే మాట వాళ్లకు గిట్టదు. మచ్చిక చేసిన జంతువుకు వాడే మాట మాకెందుకని అడుగుతారు. బొలీవియాలో 2003లో ఇంటిపని చట్టం వచ్చింది. దానికోసం పోరాడిన కొచబంబా ఇంటిపని కార్మికురాలు కసిమీరా రొద్రీగెస్ 2006లో ఏకంగా న్యాయశాఖ మంత్రి అయ్యారు. మెక్సికోలో 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, ఇంటిపనివాళ్లను తప్పనిసరి సామాజిక భద్రత నుంచి బయట ఉంచడం వివక్షేనని తీర్పిచ్చింది. కోర్టుకు వెళ్లింది ఎనభై దాటిన ఒక పెద్దావిడ, అర్ధశతాబ్దానికి పైగా ఆ పనే చేసిన మనిషి. మరుసటి ఏడాది అక్కడి కార్మిక చట్టంలో అధ్యాయం పేరే మారింది. ‘దొమెస్తికోస్’ పోయి ‘ఇంటి కార్మికులు’ వచ్చింది. పేరు మారినంత మాత్రాన పింఛను వస్తుందా అంటే రాదు. కానీ కార్మికురాలు అని ఒకసారి రాశాక, మిగతా కార్మికులకు ఉన్నవి ఈవిడకు ఎందుకు లేవని జడ్జి అడగక తప్పదు.

1990ల నుంచి ఆ దేశాల మనుషులే స్పెయిన్ ఇళ్లలోకి వచ్చారు. మొదట డొమినికన్ రిపబ్లిక్, పెరూ. తర్వాత ఈక్వడార్, కొలంబియా, బొలీవియా. ఆ తర్వాత హోండురాస్, నికరాగువా. భాష రావడంతో పని తేలిగ్గానే దొరికింది. ఆ భాషతోపాటు సంఘం పెట్టుకునే అలవాటూ వచ్చింది. మాద్రిద్‌లో సెదోఆక్, తెర్రితోరియో దొమెస్తికో లాంటి సంఘాల వెనుక ఉన్నది ఎక్కువగా వాళ్లే. ప్రభుత్వం వైపు నుంచి కదలిక నెమ్మదిగానే వచ్చింది. 2011లో నాలుగు వారాలు లేదా అంతకు మించిన తాత్కాలిక ఒప్పందాలు కాగితం మీద ఉండాలన్నారు. తిండీ పడకల కోత 30 శాతానికి దిగింది, చేతికిచ్చే డబ్బు కనీస వేతనానికి తగ్గకూడదన్నారు. పరిహారం 12 రోజులకు పెరిగింది. కారణం చెప్పకుండా తీసేసే హక్కు మాత్రం అలాగే ఉంది. పీఠికలో నమ్మకం కూడా అలాగే ఉంది.

అదే ఏడాది జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల గురించిన 189వ ఒడంబడికను ఆమోదించింది. ఇంగ్లిష్ శీర్షికలో ఉన్నది ‘డొమెస్టిక్ వర్కర్స్’ అని మాత్రమే. స్పానిష్ శీర్షికలో స్త్రీలింగం ముందు, పుంలింగం తర్వాత విడివిడిగా ఉన్నాయి. అక్కడ స్త్రీలింగం రాయడం అలంకారం కాదని పదేళ్ల తర్వాత తేలింది.

2019 నవంబర్‌లో విగో నగరంలో ఒక ఇంటిపని కార్మికురాలు నిరుద్యోగ భృతి కోసం చందా కడతానని సామాజిక భద్రతా ఖజానాకు దరఖాస్తు పెట్టింది. చట్టం ఒప్పుకోదని కొట్టేశారు. ఆమె స్థానిక కోర్టుకు వెళితే, ఆ జడ్జి విషయాన్ని లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి పంపారు. అక్కడ స్పెయిన్ ప్రభుత్వం చెప్పిన సమాధానం విచిత్రంగా ఉంటుంది. చందాల ఖర్చు పెరిగితే కుటుంబాలు మనుషులను మానిపిస్తాయి, లేకపోతే దొంగచాటుగా పెట్టుకుంటాయి, అందుకే వాళ్ల మేలు కోరే భృతి ఇవ్వడం లేదు అని! న్యాయస్థానం ముందుకు వచ్చిన లెక్క వేరే కథ చెప్పింది. 2021 మే చివరికి మిగతా ఉద్యోగులుండే సామాజిక భద్రత సాధారణ పథకంలో ఆడవాళ్లు 48.96 శాతం. ఇంటిపని పథకంలో ఉన్న 3,84,175 మందిలో 95.53 శాతం. చట్టంలో ఆడ, మగ అని ఎక్కడా రాయకపోయినా దెబ్బ ఎవరి మీద పడుతోందో కళ్ల ముందే ఉంది. తోటమాలి లాంటి మిగతా పనివాళ్లకు ఉన్న భృతి వీళ్లకే ఎందుకు లేదన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర నిలిచే జవాబు లేకపోయింది. 2022 ఫిబ్రవరి 24న, ఇది లింగ వివక్షేనని తీర్పు వచ్చింది.

ఆ తర్వాత ఇక ఆగలేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కార్మిక మంత్రి యోలాందా దియాస్ హయాంలో అత్యవసర శాసనం వచ్చింది. అక్టోబర్ 1 నుంచి నిరుద్యోగ చందా తప్పనిసరి అయింది. కారణం చెప్పకుండా తీసేసే హక్కు పోయింది. 1995 నాటి మినహాయింపునూ ఎత్తేశారు. జెనీవా ఒడంబడికను 2023లో ధ్రువీకరించారు. 2024 సెప్టెంబర్‌లో ఇంటిపనివాళ్ల భద్రతకు విడిగా ఒక శాసనం వచ్చింది. ఇప్పటి ఫారం దాని బిడ్డే. వేధింపులు భరించలేక ఇల్లు వదిలి వెళ్లిపోతే దాన్ని రాజీనామాగా లెక్కకట్టకూడదని కూడా అందులో ఉంది.

యజమానుల మాటలో నిజం లేకపోలేదు. వాళ్లంతా భవంతుల్లో ఉండే దొరలు కారు. తల్లి పింఛనులోంచే తల్లిని చూసే మనిషికి జీతమిచ్చే కూతుళ్లు చాలామంది. వాళ్లకు లెక్కల గుమాస్తా ఉండడు, కొత్త ఫారం అంటే కొత్త టెన్షన్. అయితే ఆ కష్టం ఇంటిపని మనిషి చేసింది కాదు. వయసు మళ్లినవాళ్ల బాగోగులు చూసే ఏర్పాటును ప్రభుత్వం ఇళ్లకు వదిలేసిన ఫలితం అది.

ఇంతా చేసి, 1985 నాటి మాట చట్టంలోంచి పోలేదు. కొత్త నిబంధనల ప్రకారం మనిషిని తీసేయడానికి మూడు ప్రత్యేక కారణాలు చెప్పొచ్చు. కుటుంబ ఆదాయం తగ్గడం లేదా ఖర్చులు పెరగడం, కుటుంబ అవసరాలు బాగా మారిపోవడం, మూడోది నమ్మకం పోవడం. మనిషి ప్రవర్తన వల్లే పోయిందని సహేతుకంగా చూపించాలన్న షరతు పెట్టారు, నిజమే. కానీ పరిహారం ఇప్పటికీ ఏడాదికి 12 రోజులే, అదీ ఆరు నెలల జీతానికి మించకూడదు. ఆర్థిక కారణాలతో తీసేసిన మామూలు ఉద్యోగికైతే 20 రోజులు వస్తాయి.

తెలుగువాళ్లకు ఈ తర్కం కొత్త కాదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్లు ‘ఖద్దామా వీసా’ (పనిమనిషి వీసా) అని చెప్పుకునే 20వ నంబరు వీసా మామూలు కార్మికుల వీసా కాదు. ఒక ఇంటికి కట్టేసే వీసా. అక్కడ ఇంటిపనివాళ్ల చట్టం 2015లో గానీ రాలేదు. భారత్ 2011లో జెనీవా ఒడంబడికకు అనుకూలంగా ఓటేసింది కానీ ధ్రువీకరించలేదు. ఇంటిపనివాళ్లకు చట్టం అవసరమేమో పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

స్పెయిన్‌లో ఇప్పుడు మిగిలిన పేచీ తలుపు దగ్గర ఉంది. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం, ఇంటివాళ్లు ఒప్పుకోకుండా లేదా కోర్టు అనుమతి లేకుండా కార్మిక ఇన్‌స్పెక్టర్ లోపలికి అడుగు పెట్టలేరు. 2021లో కనీస వేతనం కంటే తక్కువ ఇస్తున్నట్టు లెక్కల్లో కనిపించిన కుటుంబాలకు ఇన్‌స్పెక్టర్లు చేయగలిగింది ఉత్తరాలు రాయడమే. ఫారం విషయంలోనూ ఇంటాయనే తన ఇంటి గురించి తానే జవాబులు రాసుకుంటాడు, ఇన్‌స్పెక్టర్ చూడగలిగేది ఆ కాగితాన్నే. ఇంట్లోనే పడుకుని ఇంట్లోనే లేచే ఇంతెర్నాకు పని గంటలు ఎక్కడ ఆగుతాయో ఏ ఫారమూ చెప్పలేదు కాబట్టి, ఆ పద్ధతినే ఎత్తేయమని కొన్ని సంఘాలు అడుగుతున్నాయి.