గుడ్డపీలికల మ్యాట్లు: నేను తరచూ వినే అపోహలు

అపోహ: ఏ గుడ్డముక్కైనా పనికొస్తుంది.

గుడ్డముక్కల్ని పీలికలుగా కోసి, మూడేసి కలిపి జడలా అల్లి, ఆ జడను గుండ్రంగా చుట్టుకుంటూ కుట్టేవే ఈ మ్యాట్లు. టైలరు దగ్గర సంచి నింపుకొచ్చాక నాకు అసలు పని ఏరడమే. నూలు గుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది, పాలిస్టర్ ముడుచుకోదు. రెండూ ఒకే జడలో పడితే మొదటి ఉతుకులోనే మ్యాట్ మెలికలు తిరుగుతుంది. అనుమానముంటే ఒక పోగు లాగి, పటకారుతో పట్టుకుని నిప్పు చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి ముద్ద కడుతుంది. జార్జెట్ ముక్కల్ని నేనసలు ముట్టుకోను, దారాలు పీక్కుంటూ కూర్చోవాలి.

అపోహ: ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదు.

మా ఇంట్లోనూ ఇదే నమ్మకం. గుడ్డకు రంగు అద్దేటప్పుడు చాలా రంగులకు ఉప్పు వాడతారు, అది రంగును పోగులోకి తోస్తుంది. అద్దడం అయిపోయిన గుడ్డకు మాత్రం ఉప్పు చేసేదేమీ లేదు. ముదురు ఎరుపు, నీలం ముక్కల్ని విడిగా నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. ఆ తర్వాతే పీలికలు కోయాలి.

అపోహ: గుండ్రటి మ్యాట్ అంచులు పైకి లేస్తే గుడ్డ మంచిది కాదు.

పాపం, గుడ్డదేం తప్పు లేదు, లెక్కే తప్పింది. జడ వెడల్పు ఒక అంగుళం అనుకోండి. ప్రతి చుట్టుకూ ముందు చుట్టుకన్నా ఆరంగుళాల పైచిలుకు జడ ఎక్కువ పట్టాలి. మ్యాట్ చిన్నదైనా పెద్దదైనా పెరిగేది అంతే. అందుకే దబ్బనంతో కుట్టేటప్పుడు బయటి జడను బిగలాగకూడదు, వంపు దగ్గర కాస్త వదులివ్వాలి. బిగిస్తే గిన్నె అవుతుంది, మరీ వదిలేస్తే అంచు కుచ్చిళ్లు పోతుంది. నా మొదటి మ్యాట్ చక్కటి గిన్నె అయింది, అమ్మ అందులో ఉల్లిపాయలు పోసుకుంది. ఇప్పుడు రెండు చుట్లకోసారి నేలమీద పరిచి అరచేత్తో నొక్కి చూస్తాను. లేస్తే అక్కడే విప్పేస్తాను. తర్వాత ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందనేవాళ్లున్నారు, సర్దుకోదు.

అపోహ: ఊరికే వచ్చిన గుడ్డే కదా, ధర ఎందుకంత?

మూడడుగుల జడ రావాలంటే సుమారు నాలుగున్నర అడుగుల పీలికలు మూడు కావాలి, అల్లికలో మూడోవంతు పోతుంది. అవన్నీ ఉతికి, ఆరేసి, రెండంగుళాల వెడల్పున కోసి, అతుకులు వేయాలి. బేరమాడే వాళ్లకు ఒక్క గంట కత్తెర ఇస్తే చాలనిపిస్తుంది నాకు.

అపోహ: బరువున్న మ్యాట్ జారదు.

టైల్స్ మీద జారుతుంది, తడి ఉంటే మరీను. కింద రబ్బరు జాలీ ముక్క వేసుకోండి, అంచుకన్నా అంగుళం లోపలికే ఉండేలా కోస్తే బయటికి కనపడదు. ఉతికేటప్పుడు జాలీని విడిగా తీసేయండి. మ్యాట్‌ను తీగమీద వేలాడదీయకండి, తడి బరువుకు సాగిపోతుంది. మేడమీద పరిచి ఆరబెట్టండి.