కారుకు బట్టల సబ్బు పొడి: అపోహలు - వాస్తవాలు

దసరా వెళ్లిన మరునాడు కార్లు పాలిష్ చేసే మా షాపుకు ఒకే రకమైన ఫోన్లు వస్తాయి. ఆయుధ పూజకు బానెట్ మీద పసుపు, కుంకుమ పెట్టాం, నీళ్లతో కడిగితే మరక పోలేదు, బట్టల సబ్బు పొడి వేసి రుద్దితే పసుపు కాస్తా ఎర్రబడింది, పెయింట్ కాలిపోయిందా అని అడుగుతారు. తెల్ల కారు యజమానుల గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. పెయింట్ ఏమీ కాలిపోలేదండీ. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి కోసం పసుపులో సున్నం కలిపినప్పుడు జరిగేదీ ఇదే. బట్టల పొడిలో వాషింగ్ సోడా దండిగా ఉంటుంది, అందుకే ఆ రంగు వచ్చింది. మంచి నీళ్లతో కడిగేసి కారును కొన్నాళ్లు ఎండలో తిరగనిస్తే పసుపు రంగు దానంతట అదే వెలిసిపోతుంది.

కాబట్టి మరక గురించి నాకు దిగులు లేదు. ఆ పొడి వేసి స్క్రబ్బర్‌తో రుద్దినప్పుడు పడిన గీతలే దిగులు. అవి ఎండలో పోవు. అక్కడి నుంచే అసలు ఖర్చు మొదలవుతుంది.

అపోహ: డిటర్జెంట్‌తో కడిగితే మహా అయితే మెరుపు తగ్గుతుంది. ఒకసారి పాలిష్ కొట్టిస్తే మళ్లీ కొత్తదానిలా అవుతుంది.

నా దృష్టిలో కార్ల యజమానులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

కంపెనీ నుంచి వచ్చిన కారు మీద ప్రైమర్ అనే అడుగు పూత, రంగు, దాని పైన క్లియర్ కోట్ అనే పారదర్శక పొర అన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 130 మైక్రాన్ల లోపే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో పైనున్న క్లియర్ కోట్ వాటా 40 మైక్రాన్ల అటూ ఇటూ, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువ. ఎండ నుంచి రంగును కాపాడే పదార్థాలు ఎక్కువగా ఆ పొరలోనే ఉంటాయి. దాన్ని కొత్తగా పుట్టించే పాలిష్ ఏదీ లేదు.

డిటర్జెంట్ ఆ పొరను కరిగించదు. అది రసాయనికంగా గట్టిపడిన పొర, ఒక బకెట్ సబ్బు నీళ్లకు లొంగదు. "ఒక్కసారి కడిగారు, పెయింట్ పొరలు పొరలుగా ఊడింది" అంటూ ఫోన్లలో తిరిగే వీడియోలను దయచేసి నమ్మకండి, నాకు పంపకండి. అలా ఊడిన కారుకు ఎప్పుడో ఎవరో సరిగా చేయని రీపెయింట్ అయినా ఉంటుంది, ఏళ్ల తరబడి ఎండలో నిలబెట్టిన చరిత్ర అయినా ఉంటుంది.

జరిగే నష్టం వేరు. బట్టల పొడిని తయారు చేసేదే జిడ్డును పట్టి లాగడానికి. చొక్కా కాలరు మీది జిడ్డుకూ, రక్షణ కోసం కారు మీద పట్టించే మైనానికీ (వ్యాక్స్) అది తేడా చూడదు. మైనం పోయాక క్లియర్ కోట్‌కు అడ్డుగా ఏమీ మిగలదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. మన రోడ్ల దుమ్ములో ఉండేది ఎక్కువగా ఇసుక. అది క్లియర్ కోట్ కన్నా గట్టిది. కారు షాంపూలో జారుడు కోసం ప్రత్యేకంగా పదార్థాలు కలుపుతారు, కాబట్టి ఇసుక రేణువు గుడ్డకూ పెయింటుకూ మధ్య నలగకుండా జారి బయటికి వస్తుంది. బట్టల పొడికి ఆ పని తెలియదు, బట్టలకు దాని అవసరమూ లేదు. పైగా పొడి పూర్తిగా కరగకపోతే ఆ పలుకులు కూడా ఇసుకతో చేరతాయి. నాలుగు నెలలు అలా కడిగిన నల్ల కారును ఎండలో చూడండి, సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు కనిపిస్తాయి.

అప్పుడు యజమాని ఏం చేస్తారు? రబ్బింగ్, పాలిష్ చేయిస్తారు. రబ్బింగ్ కాంపౌండ్ గీతను పూడ్చదు. గీత లోతు వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తుంది. చదును అయ్యాక గీత కనిపించదు, కారు తళతళలాడుతుంది, యజమాని సంతోషంగా వెళ్లి మళ్లీ అదే పొడితో కడగడం మొదలుపెడతారు. ప్రతి రబ్బింగుకూ కొన్ని మైక్రాన్లు పోతాయి. ఉన్నవే నలభై!

రిటైరైన ఒక మాస్టారు మా దగ్గరికి తన ముదురు నీలం కారు తెచ్చారు. ఆయన కారును చూసుకునే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ప్రతి ఆదివారం స్వయంగా కడిగేవారు, కాకపోతే బట్టల పొడితో. మెరుపు తగ్గినప్పుడల్లా ఇంటి దగ్గర ఒక షాపులో రబ్బింగ్ చేయించేవారు. వాళ్లు ఏనాడూ మందం కొలవలేదు, ఇక చాలని చెప్పలేదు. నేను పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టి చూస్తే తలుపుల మీద 115 మైక్రాన్లు వచ్చింది, బానెట్ మధ్యలో 78. అంచు దగ్గర అప్పటికే చేతి వెడల్పున పాలిపోయిన మచ్చ ఉంది. "ఇంకో పాలిష్ కొడితే పోతుందా బాబూ?" అని అడిగారు. పోదండీ, ఇక మెషిన్ ఆనిస్తే రంగు బయటపడుతుంది, బానెట్ మొత్తానికి పెయింట్ వేయించాలి అని చెప్పాల్సి వచ్చింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్లూ అంత శ్రద్ధగా కడిగిన మనిషికి ఆ మాట చెప్పడం నాకూ బాధగానే ఉంది. ఒక్క షాంపూ సీసాతో తప్పిపోయే ఖర్చు అది.

ఇది చదువుతున్నవారిలో ఇప్పటిదాకా బట్టల పొడే వాడినవారు చాలామంది ఉంటారు. కంగారు పడకండి. కొన్నిసార్లు కడిగినంత మాత్రాన కారు పాడైపోదు. శుభ్రంగా కడిగి నీళ్లు చల్లి చూడండి. నీళ్లు గుండ్రని బొట్లుగా నిలవకుండా పలచగా పరుచుకుంటే మైనం పోయిందని అర్థం, మళ్లీ మైనం పట్టిస్తే సరిపోతుంది. సన్నని గీతలు కనిపించినా వెంటనే రబ్బింగుకు పరిగెత్తవద్దు. వేలి గోరు తగలని గీతలను అలాగే వదిలేసి పైన మైనం పెడితే చాలావరకు కంటికి ఆనవు. తప్పదనుకుంటే ముందు గేజ్‌తో కొలిచి, అంకెలు మీకు చూపించే చోటే చేయించండి.

అపోహ: బట్టల పొడి ఘాటు కాబట్టి వద్దు, గిన్నెల లిక్విడ్ అయితే మెత్తన, పరవాలేదు.

చేతికి మెత్తనే. అది బట్టల పొడిలా క్షారం కాదన్నదీ నిజమే. కానీ దాని పని నూనె మూకుడు మీది జిడ్డు వదిలించడం. మైనాన్ని కూడా అది అలాగే వదిలిస్తుంది. కొత్తగా మైనం పట్టించే ముందు పాతది తీయాలనుకుంటే ఒకసారి వాడవచ్చు, మా వృత్తిలో అలా వాడినవారు ఉన్నారు. వారం వారం వాడితే మైనం నిలవదు. గిన్నెలు తోమే సబ్బు బిళ్ల సంగతి అసలు తేవద్దు. అందులో తోమడానికే రాతి పొడి కలుపుతారు.

అపోహ: నురుగు ఎంత వస్తే అంత శుభ్రం.

కాదు. నురుగు కంటికి కనిపించే తృప్తి మాత్రమే. ముందుగా వట్టి నీళ్లు ధారగా కొట్టి ఇసుకను దింపడం నురుగు కన్నా పదింతలు మేలు చేస్తుంది.

అపోహ: కడిగాక తెల్లటి చారలు వస్తున్నాయంటే షాంపూ నకిలీది.

బోరు నీళ్లను ముందు అనుమానించండి. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అందులో వాషింగ్ సోడా పడితే సున్నం తెల్లగా విడిపోతుంది. మే నెల మధ్యాహ్నం వేడెక్కిన బానెట్ మీద అది నిమిషంలో ఆరి అంటుకుంటుంది. నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు కడగండి, నీళ్లు వాటంతట అవి ఆరేలోపే తుడిచేయండి.

సెరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేయించే గట్టి రక్షణ పూత) ఉంది కదా, దేనితో కడిగినా పరవాలేదు అంటారు. ఆ పూత ఒక్క వాష్‌తో ఊడిపోదు, నిజమే. కానీ డిటర్జెంట్ అవశేషాలు పైన పేరుకుంటే నీళ్లు జారడం ఆగిపోతుంది, గీతలకు అదీ అతీతం కాదు. కుంకుడు రసం సహజమైనది కదా అంటారు. సరిగా వడకట్టకపోతే అందులోని పొట్టు ముక్కలే గీస్తాయి. నీళ్లలో కిరోసిన్ చుక్కలు వేస్తే వచ్చే మెరుపు నూనె పొర, సాయంత్రానికి దుమ్మంతా దాని మీదే ఉంటుంది. వాటర్ సర్వీసింగ్ అయ్యాక కింద డీజిల్ కొట్టించడం మాత్రం ఈరోజే మానేయండి. కారు కింద కుదుపులను ఆపే రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి. అద్దం కడిగే నీళ్ల ట్యాంకులో సబ్బు పొడి వేస్తే నాజిల్ మూసుకుపోతుంది.

అపోహ: కారు షాంపూ డబ్బున్నవాళ్ల వ్యవహారం.

లెక్క వేయండి. సీసా మీద మోతాదు చదవండి, బకెట్‌కు 30 మిల్లీలీటర్లు అనుకుంటే లీటరు సీసా 33 సార్లు వస్తుంది. వారానికి ఒకసారి కడిగితే ఎనిమిది నెలలకు దగ్గర. దీనితోపాటు రెండు బకెట్లు, మైక్రోఫైబర్ గ్లౌజు ఉంటే చాలు. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, మరో దానిలో గ్లౌజు జాడించడానికి మంచి నీళ్లు. పైకప్పు నుంచి కిందికి రండి. చక్రాలకు వేరే గుడ్డ, అదీ చివర్లో. కింద పడిన గుడ్డను మళ్లీ కారుకు ఆనించవద్దు.

అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ గానీ, రోజూ వచ్చే కుర్రాడు గానీ ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరుసలో ఉన్న కార్లన్నీ తుడుస్తారు. పొద్దున్నే అందరూ ఆఫీసులకు వెళ్లేలోపు అన్నీ అయిపోవాలి, నెలకు ఇచ్చేది కొద్దిపాటి డబ్బు, అతణ్ని తిట్టి లాభం లేదు. మీ కారుకు విడిగా షాంపూ, రెండు గుడ్డలు కొని అతని చేతికి ఇవ్వండి. ఎలా వాడాలో ఒక ఆదివారం దగ్గరుండి చూపించండి. నీళ్లు రాని రోజున పొడి గుడ్డతో దుమ్ము తుడవవద్దని, ఆ రోజుకు కారును అలాగే వదిలేసినా డబ్బులు తగ్గించబోమని కూడా చెప్పండి.