నల్లబడింది వేలే, కోత మోకాలి కింద ఎందుకు?

"మా పెదనాన్నకి నల్లబడింది బొటనవేలు ఒక్కటే, డాక్టరేమో మోకాలి కింద తీసేయాలంటున్నారు, ఇదేం న్యాయం?" అని ఒకావిడ అడిగారు. షుగర్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు కానీ, ఆ కోత వెనకున్న ఆలోచన మాత్రం చెప్పి తీరాలి.

కాలి రక్తనాళాలను పంట కాలువ అనుకోండి. మోకాలి వెనక పాప్లిటియల్ ధమని పెద్ద కాలువ. దాని దిగువన పాదానికి వెళ్లేవి మూడు పిల్ల కాలువలు. షుగర్ ఉన్నవాళ్లకి పూడిక ఎక్కువగా వీటిలోనే పడుతుంది, శివారు మడి ఎండినట్టు ముందు వేళ్లు ఎండుతాయి. ఎండిన మడి తీసేసినా పక్క మడికీ నీళ్లు లేవు కదా, పైగా కోసిన గాయం మానాలంటే మామూలు కన్నా ఎక్కువ రక్తం కావాలి. యాంజియోప్లాస్టీతోనో బైపాస్‌తోనో పూడిక దాటగలిగితే వేలితోనే పోవచ్చు. అది కుదరకపోయినా, చీము పాదమంతా పాకినా, నీళ్లున్న చోటు వెతకాలి.

ఆ చోటు పిక్క! పిక్క కండకి రక్తమిచ్చే సూరల్ ధమనులు పూడికకి ఎగువన, మోకాలి వెనకున్న పెద్ద కాలువ నుంచే విడిపోతాయి. పాదం ఎండినా పిక్క చాలాసార్లు పచ్చగానే ఉంటుంది. అందుకే మోకాలికి 12 నుంచి 15 సెంటీమీటర్ల కింద ఎముక కోసి, వెనక పిక్క కండను చర్మంతో సహా పొడుగ్గా ఉంచి, ముందుకు మడిచి కుడతారు. టిబియా (మోకాలి కింద ఉండే లావు ఎముక) ముందు అంచును చెక్కి నునుపు చేస్తారు, ఫిబులాను (దాని పక్కనుండే సన్న ఎముకను) ఇంకాస్త పొట్టిగా కోస్తారు. అమెరికాలోని సియాటిల్‌లో ఎర్నెస్ట్ బర్జెస్ అనే సర్జన్ 1960ల చివర్లో ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు.

మోకాలు మిగలడం ఎంత గొప్పంటే, రక్తనాళాల జబ్బున్నవాళ్లకి మోకాలి కింద కోస్తే నడకకి సుమారు 40 శాతం ఎక్కువ శ్రమ, పైన కోస్తే దాదాపు రెట్టింపు. అలాంటి మోకాలిని ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ పాడు చేస్తారు. నొప్పి తగ్గుతుందని కింద దిండు పెడతారు, కొన్ని వారాలకి మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది, ఇక జైపూర్ కాలు తొడగడం కష్టం. దయచేసి ఆ దిండు తీసేయండి.

"కాలు తీస్తే మనిషి ఎన్నాళ్లో బతకడు" అనే మాట విని ఆపరేషన్ వాయిదా వేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది. చీలమండకి పైన కాలు తీసేసిన షుగర్ రోగుల్లో సగం మందో, అంతకన్నా ఎక్కువో 5 ఏళ్లలోపే పోతున్న మాట నిజమే, కానీ ఎక్కువమందిని తీసుకెళ్లేది గుండెలో పడ్డ అదే పూడిక, దెబ్బతిన్న కిడ్నీలు. కాబట్టి గుండె మందులు, బీపీ మాత్రలు మానకూడదు, సిగరెట్ మానాలి. మీ పెదనాన్నగారి రెండో పాదాన్ని ఈ రాత్రే చూడండి, వేళ్ల సందుల్లో కూడా.