గిన్నె అడుగున ఎర్రటి పాకం

స్ట్రాబెర్రీలు కోసి, పైన కాస్త తేనె వేసి కలిపి గిన్నెను ఓ పక్కన పెట్టండి. ఐదు నిమిషాల్లో కోసిన వైపు తడిగా మెరుస్తుంది. పావుగంటకి అంచుల నుంచి చుక్కలు జారడం మొదలవుతుంది. అరగంట గడిచేసరికి అడుగున ఎర్రటి పాకం చేరి ఉంటుంది. నీళ్లు పోయలేదు, పొయ్యి వెలిగించలేదు. తేనే పల్చబడి కిందికి దిగిందని మొదట్లో నేను అనుకునేవాణ్ని. నిజానికి ఆ పాకంలో చాలా భాగం పండు వదిలిన నీరే.

స్ట్రాబెర్రీ బరువులో దాదాపు 91 శాతం నీరు. తేనెలో నీరు 17, 18 శాతం దాకా ఉంటుందేమో, మిగతాదంతా దాదాపు చక్కెరలే. పండులోని ప్రతి కణం చుట్టూ ఓ పల్చటి పొర ఉంటుంది. అది నీటిని పోనిస్తుంది, చక్కెరను మాత్రం అంత తేలిగ్గా పోనివ్వదు. బయట చిక్కగా, లోపల పల్చగా ఉంటే నీరు చిక్కటి వైపుకే నడుస్తుంది. బడిలో ద్రవాభిసరణ అని చదువుకున్నది ఇదే. కీరా ముక్కల మీద ఉప్పు చల్లితే నీరు ఊరడం కూడా ఇదే సంగతి.

పంచదార వేసినా నీరు ఊరుతుంది. కానీ ద్రవాభిసరణ బరువును చూడదు, అణువుల లెక్క చూస్తుంది. పంచదారలో ఉండే సుక్రోజ్ అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ముడిపడిన జంట. పూల నుంచి తెచ్చిన మకరందంలోని ఆ ముడిని తేనెటీగలు తమ ఎంజైముతో చాలావరకు ముందే విప్పేస్తాయి. అందుకే తేనెలో కాస్త నీరు ఉన్నా, గ్రాముకి గ్రాము చూస్తే పంచదారలో కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు చక్కెర అణువులు ఉంటాయి. పైగా పలుకులు కరిగేదాకా ఆగే పని లేదు.

నా కొలత ఇది: పావుకిలో స్ట్రాబెర్రీలకి ఒకటిన్నర టేబుల్ స్పూన్ల తేనె, అర టీస్పూను నిమ్మరసం, వేలి కొసన నిలిచేంత ఉప్పు. ఉప్పదనం తెలియకూడదు, చేదు అణిగి తీపి పైకి తేలాలి, అంతే. తర్వాత అరగంట ఆగాలి.

ఎక్కువసేపు ఆగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒకసారి ఇంటికి చుట్టాలొస్తున్నారన్న టెన్షన్‌లో రాత్రే అన్నీ కలిపి పెట్టేశాను. పొద్దున చూస్తే పాకం బ్రహ్మాండంగా ఉంది. ముక్కలు మాత్రం తడిసిన కాగితంలా మెత్తబడి వేలాడుతున్నాయి. సైకిల్ ట్యూబుకి గాలి ఎలాగో, పండు కణానికి నీరు అలాగ. లోపలి నుంచి గోడను నెడుతున్నంతసేపే ఆ బిగువు. నీరంతా తేనె లాగేశాక ఇక నమలడానికి ఏమీ మిగల్లేదు.

బ్లూబెర్రీల దగ్గర ఈ పాచిక పారదు. వాటి తోలు మీద సన్నటి మైనపు పూత ఉంటుంది, తేనె పైపైన జారిపోతుంది. నాలుగో వంతు కాయల్ని గరిటెతో చిదిపి మిగతావాటితో కలిపితే సరిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టినవైతే ఆ శ్రమా లేదు. లోపల గడ్డకట్టిన మంచు కణాల గోడల్ని అప్పటికే చీల్చి ఉంటుంది కనుక కరిగేటప్పుడు రసం దానంతటదే కారుతుంది.

చల్లగా తినాలా, మామూలుగానా అన్నది ఇంకో ముచ్చట. చల్లదనంలో ఫ్రక్టోజ్ అణువుల్లో ఎక్కువ భాగం బాగా తియ్యగా ఉండే ఆకృతిలోకి మారతాయి, వేడి చేస్తే ఆ వాటా తగ్గుతుంది. ఈ లెక్కన ఫ్రిజ్‌లో పెట్టిన గిన్నె ఇంకా తియ్యగా ఉండాలి. కానీ చల్లబడిన నాలుకకి తీపే సరిగ్గా అందదు. కరిగిపోయిన ఐస్‌క్రీం వెగటుగా తియ్యగా అనిపించేది ఇందుకే. వాసన కూడా చల్లదనంలో అంతగా పైకి లేవదు. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట ఉంచి తింటే నాకు ఎక్కువ నచ్చుతుంది.

తేనె సహజమైనది కదా అని చెయ్యి ధారాళంగా వంచేవాళ్లున్నారు. నాలుకకి తేడా తెలుస్తుంది గానీ, ఒంటికి అది చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు రోజువారీ శక్తిలో 10 శాతం లోపే ఉండమన్న చక్కెరల్లో తేనె కూడా ఉంది. ఏడాది నిండని పసిపిల్లలకి అసలు పెట్టకూడదు. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు వాళ్ల పేగుల్లో మొలకెత్తి ప్రమాదకరమైన విషాన్ని తయారుచేయగలవు.

ఇక పైన వేసుకునేది. బెర్రీల రంగుకి కారణం ఆంథోసయనిన్లు. పులుపు తగిలితే ఇవి ఎర్రగా మెరుస్తాయి, పులుపు తగ్గేకొద్దీ ఊదా వైపు తిరుగుతాయి. నిమ్మరసం వేసింది సగం ఇందుకే. గట్టి పెరుగు మీద పోస్తే పెరుగు పుల్లన కాబట్టి గులాబీ చారలు తేలతాయి. అదే బ్లూబెర్రీ రసం పాలలోనో క్రీములోనో పడితే అంచుల్లో ఊదా రంగు వస్తుంది, ఒక్కోసారి బూడిద రంగు కూడా. చూడ్డానికి అదోలా ఉంటుంది గానీ, కారణం ఇదే అయితే పారబోయక్కర్లేదు.